ఓవర్‌టైమ్‌కి అనుమతి

అమెరికాలో, ఇర్వింగ్‌లో నేను పనిచేసిన కంపెనీ ఏసీ ఫిల్టర్లు తయారుచేసేది. దానికి సొంతంగా ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. చిన్న లీగ్, టీవీలో రాదు. పాత యజమానికి ఆటంటే పిచ్చి. ఆటగాళ్లంతా కంపెనీ ఉద్యోగులే; పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం గోడౌన్‌లో పని. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా జట్టు పేరు మారేది. నేను చేరేనాటికి అది డీహ్యూమిడిఫయర్స్, అంటే గాలిలో తేమ లాగే యంత్రాలు. జనం ఆ పేరు పూర్తిగా అరిచేలోపే బంతి అవతలి బుట్టలో పడేది.

పెద్దాయన పోయాక కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్లు విభాగాలన్నీ కలిపేశారు. ఆ కలపడంలో జట్టు వచ్చి మా సాఫ్ట్‌వేర్ టీమ్ కింద పడింది. ఒక సోమవారం, బుట్ట దగ్గర ఆడే సెంటర్ ఆటగాడు, గుమ్మం దగ్గర వంగితే తప్ప లోపలికి రాలేని మనిషి, నా డెస్క్ ముందు నిలబడ్డాడు.

"ఇకమీదట మీరే నా మేనేజరట. ఈ ఏడాది గోల్స్ రాయమన్నారు. ఏం రాయను?"

"బంతి బుట్టలో వేయడం అని రాయండి."

అలాగే రాశాడు. దానివల్ల కస్టమర్‌కి ఏం లాభమని సిస్టమ్ అడిగింది.

కొత్త నియమాల్లో ఒకటి, ఓవర్‌టైమ్ చేయాలంటే ముందుగా అనుమతి కావాలి. బాస్కెట్‌బాల్‌లో స్కోరు సమమైతే అదనంగా ఆడించే సమయాన్నీ ఓవర్‌టైమ్ అనే అంటారు. ఆ సంగతి నియమం రాసినవాళ్లకు తట్టలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం స్కోరు సమమైంది. కోచ్ సరాసరి గ్యాలరీలోకి, మా ఆవిడ పక్కన పాప్‌కార్న్ తింటున్న నా దగ్గరికి వచ్చాడు. అనుమతి ఇవ్వాల్సింది నా పైమేనేజర్. ఆయనది నల్గొండ. ఫోన్ చేశాను.

"వీకెండ్‌ల ఓవర్‌టైమ్ ఏంది తమ్మీ? సర్వర్ డౌన్ అయిందా?"

"లేదన్నా, స్కోర్ టై అయింది."

"అయితే ఫిక్స్ చెయ్యి."

"దానికే అప్రూవల్ కావాలన్నా."

"సత్యనారాయణ వ్రతంల ఉన్న. కథ అయినంక చూస్త," అని పెట్టేశాడు.

"మీరే సరేననండి. కథ అయ్యేదాకా ఇంతమందీ నిలబడాలా?" అంది మా ఆవిడ. నా వీసా కంపెనీ చేతిలో ఉంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది.

రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. సెంటర్ ఆటగాడు సంచిలోంచి ఫోన్ తీసి క్లాక్ అవుట్ చేశాడు. "నా డ్యూటీ అయిపోయింది. శనివారం సరదాగా ఆడుకుంటాను, ఎవరు వద్దంటారు?" అన్నాడు. మిగతావాళ్లూ ఫోన్లు తీశారు. అవతలి జట్టు ఓపిగ్గా చూస్తూ నిలబడింది. మావాళ్లు గెలిచారు. నేనూ మా ఆవిడా గొంతు పోయేలా అరిచాం.

సోమవారం హెచ్‌ఆర్ తేల్చింది: డ్యూటీలో లేనప్పుడు గెలిచారు కనుక ఆ గెలుపు కంపెనీది కాదు. పైగా ఆ సమయంలో కంపెనీ జెర్సీ ఎందుకు వేసుకున్నావని సెంటర్ ఆటగాడిని సంజాయిషీ అడగాలి. అడగాల్సిన మేనేజర్‌ని నేనే. ఇద్దరం క్యాంటీన్‌లో కూర్చుని జవాబు తయారుచేశాం: 'విప్పి ఆడితే బాగుండదని.' దాన్ని వాళ్లు ఒప్పుకున్నారు.

సీజన్ అయ్యాక జట్టును ఒక పరుపుల కంపెనీకి అమ్మేశారు. వెళ్లేముందు సెంటర్ ఆటగాడు చెయ్యి కలపడానికి వచ్చాడు.

"అక్కడ మేనేజరెవరు?"

"షోరూమ్ చూసుకునే ఆవిడట. నా ఎత్తుకు సరిపడే పరుపు ఇస్తానన్నారు."

నాకు దిగులుగా ఉంది. అతను మాత్రం నవ్వుతూనే వెళ్లాడు.