రెక్కల ఏనుగు కథ చెప్పబోయి

ఉద్యోగమూ కొత్త, మీసమూ కొత్త అయిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదనుకునేవాణ్ణి. (ఇప్పుడు తెలిసినవే తక్కువ.) కాకినాడ నుంచి జహీరాబాద్ వచ్చి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజినీరుగా చేరి మూడు నెలలైనా, క్యాంటీన్‌లో మా లైనువాళ్ల బల్ల దగ్గర నాకు చోటు దొరకలేదు. "సార్, మీరు గాడ కూసోండ్రి" అంటూ మర్యాదగా పక్క బల్ల చూపించేవారు. ఆ మర్యాదకి ముద్ద దిగేది కాదు. అయితే వాళ్లకో ఆనవాయితీ ఉంది. కొత్త సినిమా వస్తే, ముందుగా చూసొచ్చినవాడు భోజనాల వేళ మిగతావాళ్లకి కథంతా చెప్పాలి. ఆ పూట నడిమధ్య కుర్చీ వాడిదే. ఆ కుర్చీ మీద నా కన్ను పడింది.

అంతలో ఊళ్లోకి రెక్కల ఏనుగు సినిమా వచ్చింది. ఆదివారం మొదటి ఆటకే పరిగెత్తాను. ఏం సినిమా అండీ! మబ్బుల్లో కోట, దాని చుట్టూ జలపాతాలు, ఆ కోటకి బయల్దేరిన ఓ కుర్రాడు, ఏనుగు రెక్క విదిలిస్తే హాల్లో అందరం జుట్టు ఎగిరిందేమో అని తడుముకున్నాం. సోమవారం ఆ కుర్చీలో కూర్చుని, చపాతీని రెక్కలా ఆడిస్తూ, ఒక్కో ఈకనీ గ్రాఫిక్స్‌లో ఎలా చేస్తారో పావుగంట చెప్పాను.

"గదంత మంచిగనే ఉంది సార్. గా పోరడు కోటకు ఎందుకు పోయిండు?" అన్నాడొక వెల్డరు.

ఎందుకు వెళ్లాడు? ఎంతకీ గుర్తు రాలేదు. "యుద్ధానికి" అన్నాను.

"ఎవలతోని?"

"చాలామందితో."

బల్లంతా ఘొల్లుమంది. చెవులు వేడెక్కిపోయి, పళ్లెం తీసుకుని లేవబోయాను. అప్పుడే సాంబారు వడ్డిస్తున్న చాచా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చే పెద్దాయన. ఆయనా ఆ సినిమా చూశాడట.

"యుద్ధానికి కాదు బేటా. వాడు చిన్నగున్నప్పుడే తల్లి సచ్చిపాయె. ఆమె గొంతు ఎట్లుండెనో మర్చిపోయిండు. ఆమె పెంచిన ఏనుగు గా కోటల ఉంటది, దానికి యాదికుంటదని అడగవోయిండు. దానికి మాటలొస్తయా? ఆమె పిలిస్తె ఎట్ల మోకాళ్ల మీద వంగేదో, గట్ల వంగింది. గంతే, పోరనికి తల్లి పిలుపు యాదికొచ్చింది."

వెల్డరు అన్నం కలపడం ఆపేశాడు. హాల్లో సరిగ్గా ఆ సీన్లోనే నేను ఈకలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"ఇంత బాగా ఎలా చూశారు చాచా?"

"ఏం సూసుడు బేటా! కండ్లకు పొరలొచ్చినయ్, వచ్చే నెల దవాఖానల ఆపరేషన్. అంత మసకనే. గంత పెద్దది వంగితె ఎరికైతది గని, ఈకలు యాడ కనవడతయ్? జర నువ్వే జెప్పు, ఏ రంగున్నయ్?"

బూడిద రంగని, అంచుల్లో పచ్చి పసుపుకొమ్ము విరిచినట్టుంటాయని చెప్పాను. ఆయన గరిటె ఎత్తి పట్టుకుని విన్నాడు. "మంచిగ జెప్పినవ్. కూసో, యాడికి వోతవ్?" అన్నాడు. ఎవరూ పక్క బల్ల చూపించలేదు.

మళ్లీ ఆదివారం ఇద్దరం కలిసి చూశాం. నేను రంగులు చెబుతుంటే ఆయన కారణాలు చెప్పాడు, వెనక వరసవాళ్లు ఇద్దర్నీ తిట్టారు. ఆ రోజు మాత్రం ఏనుగు వంగగానే ఏడ్చాను. ఈకలు లెక్కపెట్టిన ఆ కొత్త మీసం కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది గానీ కోపం రాదు. ఏనుగు అంత అందంగా ఎగిరితే వాడు మాత్రం ఏం చేస్తాడు, పాపం!