కుంటలో పోసిన ట్యాంకరు నీళ్లు

మా ఊరు బత్తలపల్లె నుంచి బాగా లోపలికి, గుట్ట కింద ఉంటుంది. రెండు వేల సంవత్సరం దాటినాక వచ్చిన కరువులో నేను పంచాయతీ మెంబరును. మెంబరంటే పేరుకే. ఆ సీటు ఆడవాళ్లకు పడిందని నా చేత నామినేషను వేయించినారు. మీటింగులకు నా మొగుడే పోయేవాడు, నా కుర్చీలో ఆయనే కూర్చునేవాడు. నేను ఇంట్లో పొయ్యి దగ్గర సంతకం పెట్టేదాన్ని.

ఊరి కుంటలో పూడిక తీస్తారు, చుట్టూ చెట్లు పెడతారు, వెళ్లిపోయిన పిట్టలూ కుందేళ్లూ మళ్లీ వస్తాయంట అని ఆయన ఒకరోజు మీటింగు నుంచి వచ్చి చెప్పినప్పుడు నాకు నిజంగా సంతోషమైంది. అప్పటికి మా బోర్లన్నీ ఎండిపోయినాయి. తాగే నీళ్లు ట్యాంకరులో వచ్చేవి, అవీ దినం తప్పించి దినం.

మట్టి తవ్వే చైను మిషను వచ్చింది. పూడిక జోలికి పోకముందే అది గట్టెక్కింది. గట్టు మీద రేగుకంపలు, బలుసు, కలివి పొదలు గుబురుగా ఉండేవి. కౌజు పిట్టలు గుడ్లు పెట్టేది వాటి కిందే. పొద్దుగూకేలోపల అన్నింటినీ వేళ్లతో సహా పెకలించి, కుప్ప వేసి నిప్పు పెట్టినారు. పచ్చికంప పొగ ఊరి మీద కమ్ముకొని కదల్లేదు. నేను పోయి చూస్తే చైను పడిన జాడల్లో గుడ్లు చితికిపోయి, చీమలు పట్టి ఉన్నాయి.

"పిట్టల కోసమే అన్నారు గదన్నా ఈ పని?" అని సర్పంచిని అడిగినా.

"పాతవి పోతేనే గదమ్మా కొత్తవి వచ్చేది" అని నవ్వినాడు.

నల్లగా కాలిన నేలలో కానుగ మొక్కలు నాటి, పక్కన బోర్డు నిలబెట్టినారు. దాని మీద నెమలి, జింక, నీలంగా నిండిన చెరువు. వాన మాత్రం రాలేదు. కుంట అడుగు నెర్రెలు విచ్చింది, దాంట్లో కుక్కలు పడుకునేవి.

ఇంతలో పనులు చూసేదానికి పెద్ద ఆఫీసర్లు వస్తాండారని కబురొచ్చింది. ఆ పొద్దున మేము వీధిలో బిందెలు పెట్టుకొని కూర్చోనుంటే, ట్యాంకరు మా ముందు నుంచే ఆగకుండా పోయింది. వెంట పరుగెత్తినాం. కుంట దగ్గర నిలబెట్టి, గొట్టం కుంటలోకి వదిలి ఉన్నారు. అది ఖాళీ అయితే ఇంకొకటి వచ్చింది. తాగే నీళ్లు, మా నీళ్లు, ఎర్రమట్టిలో బురబురమని పోతాండాయి.

మా అత్త బిందెను నేలకేసి కొట్టింది. "ఏమప్పా, గొంతులెండి మేము చస్తాంటే మట్టికి తాపుతాండారా?"

"ఒక్క పూట ఓర్చుకో అవ్వా. ఊరికి పేరొస్తాది" అన్నాడు సర్పంచి.

తరువాత కుంట పని పట్టిన కాంట్రాక్టరు మనుషులు జీపులో నుంచి ఒక గంప దించినారు. లోపల బాతులు. ధర్మవరంలో ఎవరి దగ్గరో తెచ్చినారంట. కాళ్లకు కట్టిన తాళ్లు విప్పి నీళ్లలోకి తోసినారు. ఆ నీళ్లు వాటి కడుపు కూడా తడిసేంత లోతు లేవు. అవి బురదలో బెదిరి అరుస్తాంటే, ఆఫీసర్లు వచ్చి, పిట్టలు తిరిగొచ్చినాయని చప్పట్లు కొట్టి ఫోటోలు తీయించుకున్నారు.

ఆడ మెంబరునని హారతి పళ్లెం నా చేతికిచ్చినారు. గంగమ్మకు హారతి పట్టమన్నారు. నాకు చేతులు రాలేదు. పళ్లెం గట్టు మీద పెట్టేసినా.

"సార్, ఇవి వాన నీళ్లు కాదు. పొద్దున మాకు రావాల్సిన ట్యాంకరు నీళ్లు. ఆ బాతులూ ఈ ఊరివి కాదు."

ఆఫీసర్లలో పెద్దాయన నా వైపు చూసినాడు. కోపం కూడా రాలేదు ఆయనకు. "చూద్దాం లేమ్మా" అని కెమెరా వైపు తిరిగినాడు. సర్పంచి పెళ్లాం పళ్లెం తీసుకొని హారతి పట్టింది. నా మొగుడు గుంపులో నుంచి నన్ను కాల్చేసేటట్లు చూసినాడు.

జీపులు పోయినాక సాయంత్రం ఆ గట్టు మీదే పొయ్యిలు పెట్టి బాతులు కోసినారు. మా ఆయన కూడా పోయినాడు. సారాయి వాసనతో ఇంటికొచ్చి, "నా పరువు తీసినావు గదే" అని తిట్టి తిట్టి నిద్రపోయినాడు.

మరుసటి రోజు ట్యాంకరు రానే రాలేదు. ఇంట్లో చుక్క లేదు. చివరికి ఆడవాళ్లమంతా బిందెలెత్తుకొని ఆ కుంటకే పోయినాం. ఇంకకుండా గుంతలో మిగిలిన నీళ్ల మీద ఈకలు తేలుతాండాయి. ఒడ్డున పేగులు, వాటి మీద ఈగలు. మా అత్త ఈకలు పక్కకు నెట్టి చెంబుతో తోడింది. పాత చీర నాలుగు మడతలు వేసి వడగట్టినాం. బట్ట మీద మిగిలిందాన్ని చూస్తే నాకు ఓకరమొచ్చింది. కాచినా వాసన పోలేదు.

నా మొగుడు లేచి చెంబెడు తాగి మొహం చిట్లించినాడు. "ఏం నీళ్లే ఇవి? నీచు కంపు కొడతాండాయి."

"నిన్న నువ్వు తిన్నావే బాతులు, వాటి కంపే. కుంటలో కడిగినారు గదా."

ఆయన పెరట్లోకి పరుగెత్తినాడు. కక్కుకునేది మా అందరికీ వినపడింది. మా అత్త తన కొడుకు దగ్గరికి పోలేదు. నేనూ పోలేదు.

ఆ తరువాత మీటింగని కబురొస్తే ఆయన కండువా వెతుక్కోలేదు. "నువ్వే పో" అన్నాడు గోడ వైపు చూస్తా. నేనే పోయినా. వంకకు అడ్డంగా కట్ట కట్టే పనంట ఈసారి. అదే కాంట్రాక్టరు ముందు వరసలో కూర్చోనున్నాడు. నన్ను చూసి లేచి, "రా అక్కా, కూర్చో" అని తను కూర్చున్న కుర్చీనే చేత్తో తుడిచి ముందుకు జరిపినాడు. ఆ కుర్చీ వదిలేసి, వెనక గోడ పక్కనున్న ఇంకొకటి లాక్కొచ్చుకొని కూర్చున్నా.