పెద్దబాపుకు కట్టించిన ఫ్లెక్సీ

నిన్న మా ఆఫీసులో పక్క కుర్చీ ఆయన వచ్చి, "సార్, మా తమ్ముని బ్యాండుకు ప్రోగ్రాములు వస్తలేవు. జర మంచి ఫ్లెక్సీ ఒకటి చేపిచ్చియ్యుండ్రి" అన్నాడు. ఫ్లెక్సీ మాట వింటే నేను ఇప్పటికీ ఆమడ దూరం పోతాను. ఆ పని జన్మలో ఒక్కసారే చేశాను, మా పెద్దబాపు కోసం, అంటే మా నాన్న అన్న కోసం.

పెద్దబాపు సన్నాయి వాయించేవాడు. కట్టంగూర్ చుట్టుపక్కల ఒకప్పుడు ఆయన ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కున్నాకే ముహూర్తం పెట్టించుకునేవాళ్లు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఊరూరికీ డీజే బండ్లు దిగాయి. సన్నాయి ఉంటే అదేదో ముసలోళ్ల పెళ్లి అనుకునే రోజులొచ్చాయి. ఒక ఏడాదంతా ఆయనకు ఒక్క పిలుపు రాలేదు. పోయి అడగమంటే వినడు. "మంగళవాద్యం పిలిస్తె పోవాలె గని, పని ఉందా అని అడుక్కుంటరారా?" అనేవాడు. చివరికి మేళ్లచెరువు దిక్కు ఓ సిమెంటు ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరడానికి ఒప్పుకొని, సన్నాయిని పాత ధోవతిలో చుట్టి అటక మీద పెట్టేశాడు. నాకు ప్రాణం ఒప్పలేదు. "నెల రోజులు ఆగు, ప్రోగ్రాములు నేను తెస్త" అని మాటిచ్చాను.

నల్గొండలో ఫ్లెక్సీ కొట్టించాను. డిజైన్ మొత్తం నాదే. నా కళాపోషణంతా అందులో కుమ్మరించాను. తెల్ల చొక్కా, శాలువాతో ఉన్న ఫొటో నిండుగా పెట్టించి, చుట్టూ మల్లెపూల దండ, అటొక దీపం, ఇటొక దీపం, వెనక నీలాకాశం, మబ్బులు. మంగళకరంగా ఉండాలని నా తాపత్రయం. ఫొటో పెద్దదైపోయి, "శుభకార్యాలకు సన్నాయి" అన్న అక్షరాలు అడుగున చీమలబారయ్యాయి. మా వైపు రోడ్డు మీద ఫ్లెక్సీ లేచేది రెండింటికే: లీడర్ పుట్టినరోజుకు, లేదంటే ఎవరైనా కాలం చేస్తే. లీడరైతే చుట్టూ పదిమంది తలకాయలుంటాయి. ఒంటరిగా, మబ్బుల్లో, దీపాల మధ్య ఉన్నవాడి సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకే తట్టలేదు.

పొద్దున్నే హైవే మీద కట్టించి ఆఫీసుకు వచ్చాను. పదకొండింటికి కేతేపల్లి నుంచి మా అక్క ఫోను. "పెద్దబాపు పోయిండంట గదరా! అందరి ఫోన్లల్ల ఫొటో తిరుగుతాంది!" సిగ్గు విడిచి చెబుతున్నాను, నా ఫ్లెక్సీ సంగతి నాకు ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు. నేనూ నమ్మాను. బస్సులో ఏడుస్తూనే వెళ్లాను.

వాకిలి నిండా జనం. మధ్యలో పెద్దమ్మ నెత్తి కొట్టుకుంటోంది. పొద్దున చాయ్ తాగి గడ్డికి పోయాడని తప్ప ఆమెకూ ఏమీ తెలియదు. ఎదురింటామె నేల మీద కూలబడి, "నా లగ్గానికి నువ్వే ఊదితివి మామా, నా బిడ్డ లగ్గానికి డీజే మాట్లాడితి, నా నోట్ల మన్నువడ" అని శోకాలు పెడుతోంది. అప్పుడు వచ్చాడు పెద్దబాపు, నెత్తిన గడ్డిమోపుతో. ఇంటి ముందు జనాన్ని చూసి, పోయింది పెద్దమ్మ అనుకున్నాడు. మోపు అక్కడే పారేసి, "నా ముసల్దానికి ఏమైందిరా!" అని కేక పెట్టాడు. శోకం ఠక్కున ఆగింది. ఇద్దరు మగవాళ్లు దయ్యమనుకొని పరుగు తీశారు కూడా.

ఫోన్లలో తిరుగుతున్నది నా ఫ్లెక్సీ ఫొటోనే అని తేలేసరికి నన్ను తిట్టని నోరు లేదు. పెద్దబాపు మాత్రం తిట్టలేదు. అరుగు మీద కూర్చొని, చెంబెడు నీళ్లు తాగి, అందరినీ ఒక్కొక్కరినే చూశాడు. "ఏడాదిసంది ఒక్క ఫోను రాలె. నేను సచ్చిన్నంటె ఊరంత ఒచ్చిండ్రు" అన్నాడు. ఎదురింటామె చెంగుతో ముక్కు తుడుచుకొని, "డీజే వద్దని చెప్త మామా. వచ్చే నెల లగ్గానికి నువ్వే రావాలె" అంది. ఆ వెనకే ఇంకో ముగ్గురు. ఆ మాఘమంతా ఆయన బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాడు. ఫ్యాక్టరీ మాట మళ్లీ ఎత్తలేదు.

"ఇగ నేను పోయిననాడు ఎవ్వరు రాకున్నా ఫికర్ లేదురా, నాకు ఏడ్సేది ఏడ్సిండ్రు, నేను ఇన్న" అనేవాడు. అన్నట్టే, రెండేళ్ల కింద ఆయన నిండు పెళ్లిళ్ల రోజుల్లో పోయాడు. పట్టుమని పదిమంది రాలేదు. పోయాడని మేం ఫోన్లో పంపిన ఫొటో చూసి, మళ్లీ ప్రోగ్రాముల కోసమే పెట్టారనుకున్నామని తర్వాత కొందరు చెప్పారు. మనుషుల ప్రేమకూ ఒక ముహూర్తం ఉంటుందేమో; ఆయనకది కొన్నేళ్లు ముందే వచ్చి వెళ్లింది.