రంగు దిగేంత వదులు

మా అమ్మ చేతులు అమ్మకంటే గంటసేపు ఆలస్యంగా నిద్రలేస్తాయి. కీళ్లవాతం మొదలైనప్పటి నుంచి అంతే. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో వాటిని ముంచి, ఆవిరిలోంచి వాటినే చూస్తూ కూర్చునేది. దండెం మీది ఎర్రనూలు నీడ ఆ నీళ్లలో మెల్లగా ఊగేది. ఆ ఉదయాలు తలచుకుంటే ఇల్లంతా నీటి అడుగున ఉన్నట్టే అనిపిస్తుంది.

అమ్మ చిటికి కట్టేది. చట్రానికి బిగించిన నూలు మీద, తెల్లగా మిగలాల్సిన చోటల్లా సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టి ముడి వేయాలి. అక్కడికి రంగు దిగకూడదు. ఇప్పుడేమో బొటనవేలూ చూపుడువేలూ మాట్లాడుకోవడం మానేశాయి.

"చట్రం మీ చిన్నమ్మకిచ్చేద్దాంరా," అంది ఒకరోజు.

నాకు ఏడుపొచ్చింది. కానీ నోట్లో రొట్టె ఉంది.

నల్లగొండ దవాఖానలో మందులు రాశాక, వ్యాయామాలు నేర్పే మేడమ్ దగ్గరికి పంపారు. ఆమె అమ్మ వేళ్లకు నీలం పట్టీలు అతికించి, మెత్తటి ముద్ద ఒకటి పిసకమన్నారు. అమ్మ ఇంటికొచ్చి జొన్నపిండి పిసికింది. వారమంతా మాకు రొట్టెలే.

పట్టీలు మార్చే పని నాకు పడింది.

"గట్టిగ గుంజురా. అన్నం తిన్లేవా?"

గుంజాను. సాయంత్రానికి వేళ్లు నేరేడుపండ్లయ్యాయి. గబగబా పట్టీలు ఊడదీసి, మళ్లీ నల్లగొండ.

"ఎవరు కట్టిన్రమ్మా గిట్ల?"

"గీ పిచ్చోడే," అంది అమ్మ, క్షణం ఆలోచించకుండా.

మేడమ్ కొత్త పట్టీని వేలి మీద దుప్పటిలా పరిచారు. "గుంజొద్దు. గింత వదులుండాలె. పావుగంట పని చెయ్యి, చెయ్యి నొయ్యక ముందే ఆపు."

అమ్మ చాలాసేపు ఆ పట్టీనే చూసింది. "అంటే... రంగు దిగేంత వదులా?"

మేడమ్‌కు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "ఆఁ, అంతే," అన్నారు ధైర్యంగా.

కొన్ని వారాలకు చిన్నమ్మ ట్రాలీ ఆటో తీసుకొని చట్రం కోసం వచ్చింది. అమ్మ ఆ చట్రం ముందే కూర్చుని ఉంది. నీలం పట్టీల వేళ్లు నూలు మధ్య తేలుతున్నాయి. వేళ్లెక్కడ ఆగాయో, నూలెక్కడ మొదలైందో కిటికీ వెలుగులో తెలియలేదు. ఒక ముడి పడింది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. గుమ్మంలో ఆటో నడిపే అన్న తుమ్మాడు.

"జర కూసో చెల్లె. గీ పువ్వు అయినంక తీస్కపో."

"ఎన్ని ముళ్లక్కా?"

"నలభై."

ఆ పూట నాలుగు పడ్డాయి. ఆటో ఖాళీగా వెళ్లింది.

కొన్ని రోజులు ఒక్కటీ పడేది కాదు; నలభై పూర్తయ్యేసరికి రెండు నెలలు. రంగులో ముంచి, ఆరబెట్టి విప్పితే, వదులు ముళ్లలోకి ఎరుపు దిగింది. పువ్వు అంచులు కరిగి, అద్దం మీద ఊదిన ఆవిరిలా ఉన్నాయి.

"మంచిగనే ఉన్నదక్కా," అంది చిన్నమ్మ.

"ఏం మంచి? నిద్రమబ్బుల పూసినట్టున్నది. మల్ల కడ్త."

చిన్నమ్మ ఈసారి ఆటో తేలేదు.