ఆరో నంబరు

పటాన్‌చెరులో పాత క్యాసెట్లను సీడీల్లోకి ఎక్కించే ఆయన, పాట మారే చోటు రాగానే ఎడమచెయ్యి పైకెత్తేవాడు. ఎదుట ఎవరున్నా నోరు మూయాల్సిందే. బయట కంపెనీ లారీ హారన్ కొడితే దానివైపు కూడా గుర్రుగా చూసేవాడు. కుడిచేతి వేలు మీట మీద ఉండేది. నొక్కితే సీడీలో అక్కడో నంబరు పడుతుంది.

చనిపోయిన మా నాన్న భజన పాటల క్యాసెట్ తీసుకెళ్లాను. లక్డారంలో మా ఇంట్లోనే కూర్చుని నాన్న పాడినవి. టేపు పెళుసుబారిపోయింది.

"ఒక్కసారే తిరుగుతది తమ్మీ. తెగితే నన్ననొద్దు."

ఎనిమిది పాటలకు ఎనిమిది నంబర్లని అట్టమీద ముందే వరుసగా రాసుకున్నాను. టేపు మధ్యమధ్య కిర్రుమంటోంది. ఐదో పాట అయిపోయి నాన్న దగ్గగానే ఆయన చెయ్యి లేచింది. మీట నొక్కాడు.

"ఏమే, జెరన్ని నీళ్లియ్యే" అంది నాన్న గొంతు.

తర్వాతి పాట మొదలవుతుంటే మళ్లీ నొక్కాడు.

"గది పాట కాదన్నా! నంబర్లన్నీ తప్పినయి!" అని అరిచాను. ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు. ఆఖరి పాట అయ్యాకే మాట్లాడాడు.

"ఇగ మార్సుడు కాదు. ఇంట్ల ఇనిపియ్యి పో."

తిట్టుకుంటూ వచ్చాను.

అమ్మకు చదువు రాదు, అంకెలు తెలుసు. పాటలు ఎప్పుడో గాని వినదు. రోజూ పొద్దున ఆరో నంబరు నొక్కుతుంది. నాన్న నీళ్లడగగానే కసురుతుంది:

"నువ్వే లేసి తాగరాదూ!"