పొద్దు రాసుకునే పిట్టలు, మా మేష్ట్రు

ప్రాయశ్చిత్తానికి రేపటి దాకా గడువుందని మీకెవరు చెప్పారు? మా తిరుమణి మేష్ట్రు ఆదివారం పొద్దున కన్నుమూశారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు చేసిన తప్పు దిద్దుకోవడానికి ఈ ఊరి పూజారినైన నాకు మిగిలింది ఈ ఒక్క పూట.

ఊరి బయట మంటపం పగుళ్లలో స్విఫ్ట్ పిట్టలు గూళ్లు కడతాయి. గాలిలోనే బతుకుతాయి, నేల మీద వాలవు. ఏటా కొన్ని నెలలు కనబడకుండా పోతాయి. ఎక్కడికి? ఆ ప్రశ్న మేష్ట్రును పట్టుకుంది. సాయంత్రమైతే డబ్బా బోర్లించుకుని మంటపం ముందు కూర్చునేవారు. ఒక్కో పిట్ట గూట్లో దూరగానే ఒక్కో చింతగింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారేది. అన్నీ మన గ్రంథాల్లోనే ఉన్నాయని నేను వాదిస్తే, "అట్లయితే చలికాలంలో ఇది యాడుంటాదో చూసి చెప్పప్పా" అన్నారు. మూడు రోజులు తిరగేశాను. దొరకలేదు. ఆ ఉక్రోషం నన్ను వదల్లేదు.

రెండు నెలల కిందట ఒక పిట్ట మంటపంలో పడి లేవలేక కొట్టుకుంటోంది. వీపున నల్లదారంతో కట్టిన మణిలాంటిది. చేతబడి అనుకున్నాను. దారం తెంపి, పిట్టను గాలిలోకి వదిలి, మణిని కర్పూరంలో కాల్చాను. అది చేతబడేనని మైకు పట్టుకుని అరగంట గర్జించాను. పగుళ్లన్నీ సిమెంటుతో మూసేయమని గుడి కమిటీకి చెప్పిందీ నేనే.

మేష్ట్రు మా ఇంటికొచ్చి ఆ బూడిద అడిగారు. వేళ్లతో కెలికి చూశారు. బెంగళూరు పరిశోధకులతో కలిసి, పోయినేడు నాలుగు పిట్టలకు ఆయనే కట్టిన యంత్రాల్లో అదొకటట.

"నువ్వు రెండు పొద్దులా సూర్యునికి దండం పెడతావు కదప్పా. ఇదీ అంతే. పొద్దు పుట్టేది, పడేది రాసుకుంటాది. దాన్నిబట్టి పిట్ట యాడ తిరిగిందో తెలుస్తాది. మళ్లీ అదే గూటికాడ పట్టుకుని విప్పితేనే. కాలిపోయినదాన్ని చదివే విద్య నాకు రాదు."

తిట్టలేదు. సోలార్ ప్లాంటుకు పొలాలిచ్చి ఊరంతా ఎండ అమ్ముకుంటుంటే తన పిట్ట ఒక్కటే దాన్ని రాసుకుంటోందని నవ్వి వెళ్లారు. క్షమించమని నేను అడగలేదు. చనిపోయే ముందు వారం దారిలో ఎదురై, "మిగతా మూడూ వచ్చేసినాయప్పా" అన్నారు. అదే ఆఖరి మాట.

ఆ మూడు పిట్టల యంత్రాలు విప్పడానికి పరిశోధకులు రేపు పొద్దున్నే వస్తున్నారు. మేస్త్రీ మాత్రం ఈరోజే సిమెంటు కలిపాడు. ఆపమంటే, "మూయమని మైకులో అరిచింది మీరే కదా స్వామీ? కమిటీ వచ్చి చెప్తే నిలిపేస్తా" అన్నాడు. ఆ పగుళ్లలో కళ్లు తెరవని పిల్లలున్నాయి. పగుళ్లు మూసుకుపోతే, మేష్ట్రు అడిగిన ప్రశ్న మీద కూడా సిమెంటే.

నేను నిచ్చెనకు అడ్డంగా నిలబడి ఉన్నాను. ఈ కరపత్రం చేతికందిన ప్రతివారూ కమిటీ పెద్దలను వెంటబెట్టుకుని మంటపం కాడికి రండి. నా తలకు పైన పిట్టలు గుంపుగా గిరగిరా తిరుగుతున్నాయి, మనుషులు ఎప్పుడు తప్పుకుంటారా అని. రేపు కాదు, ఇప్పుడే బయలుదేరండి.