పట్టుచీరల ముందు నా ముఖం కారిన రోజు

ఆ రోజుల్లో మగవాడి ముఖానికి మా ఇంట్లో ఉన్న మర్యాద ఏపాటిదంటే, ఒంటికి రుద్దిన సబ్బే దానికీ, ఒళ్ళు తుడిచిన తువ్వాలే దానికీ. మా నాన్న గడ్డం గీసుకున్నాక పటికముక్క ఒకసారి తిప్పి, "ఇక చాల్లే" అని పొలానికి వెళ్ళిపోయేవాడు. పామర్రు పక్కన వరి పండించుకునే కుటుంబం మాది. చేలో ఎండ అందరి మీదా సమానంగా పడేది కాబట్టి ఎవరి రంగు గురించీ ఎవరికీ ఫిర్యాదు ఉండేది కాదు. అలాంటి వంశంలో పుట్టి, ఇరవై రెండేళ్ళ వయసులో అద్దం ముందు నిలబడి, బుగ్గల మీద క్రీము చుక్కలు పెట్టుకున్న మొదటి మగాణ్ణి నేనే. (ఈ సంగతి మా నాన్నకి ఇప్పటికీ తెలియదు. మీరూ చెప్పకండి.)

అప్పుడే బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఓ పెద్ద బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. ఉండటం ఇబ్రహీంపట్నంలో మా మేనమామ ఇంట్లో. రోజూ బండి మీద రావడం, పోవడం. దారిపొడుగునా ఎండ, దుమ్ము, లారీల పొగ, గాలి మావైపు తిరిగిన రోజు పైనుంచి థర్మల్ పవర్ స్టేషన్ బూడిద. హెల్మెట్ చాటున్న నుదురు ఒక రంగు, బయటపడ్డ ముక్కూ బుగ్గలూ ఇంకో రంగు. షాపులో నన్నెవరూ పేరుతో పిలిచేవారు కాదు, "పామర్రూ" అనేవారు. నా చోటు కింది అంతస్తులో, లుంగీలూ తువ్వాళ్ళ దగ్గర. లుంగీ కొనేవాడు గళ్ళు చూస్తాడు గానీ అమ్మేవాడి ముఖం చూడడు కదా, అక్కడ నాకే ఇబ్బందీ లేదు. కానీ నా ప్రాణమంతా పై అంతస్తులో ఉండేది. అక్కడ పట్టుచీరలు! తెల్లటి పరుపులు, ఏసీ, వచ్చినవాళ్ళకి చల్లటి మజ్జిగ. అక్కడో ఆచారం ఉంది, మీరూ చూసే ఉంటారు. చీర కడితే ఎలా ఉంటుందో చూపించాలంటే సేల్స్‌మనే లేచి, ప్యాంటూ చొక్కా మీదే కుచ్చిళ్ళు దోపుకుని, పైట భుజాన వేసుకుని, మీసాలతో సహా నిలబడాలి. ఎవరూ నవ్వరు. ఆ విద్యలో మహారాజు ఒకడుండేవాడు. మనిషి తెల్లగా, నున్నగా ఉండేవాడని మేమంతా వాణ్ణి పాలమీగడ అనేవాళ్ళం. వాడు గోనెసంచి చుట్టుకున్నా ఆడవాళ్ళు "అబ్బ, ఎంత బాగుందో" అనేవాళ్ళు.

రోహిణి కార్తె వచ్చింది, దాంతోపాటే పెళ్ళి ముహూర్తాలూ వచ్చాయి. పట్టుచీరల విభాగం మొత్తం నడిపించే పెద్దాయన (అందరం బాబాయ్ గారూ అని పిలిచేవాళ్ళం) ఒకరోజు లుంగీల దగ్గరికి దిగివచ్చి, "పామర్రూ, పైన ఇంకో మనిషి కావాలయ్యా. సోమవారం పైకి రా, ఒక్కరోజు చూస్తాను. పనికొస్తే పట్టు, లేదంటే మళ్ళీ లుంగీలే" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా వంక చూసి, "ఆ ముఖం సంగతి కూడా కాస్త చూసుకో" అన్నాడు. బూడిద కడుక్కుని రమ్మని ఆయన ఉద్దేశం. నేను మాత్రం, పాలమీగడలా తయారై రమ్మన్నాడని తీర్మానించేసుకున్నాను. చేతిలో ఉన్నది నాలుగు రోజులు.

మా మేనమామ కొడుకు, అంటే మా బావ, అప్పట్లో చదువైపోయి ఫోనులో వీడియోలు చూడటమే ఉద్యోగంగా ఉండేవాడు. వాడి ముందు కూలబడ్డాను. "మగాడికి మూడే మూడు పనులు బావా. పొద్దున్నే ఫేస్‌వాష్‌తో కడుక్కో, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకో, బయటికెళ్ళే ముందు సన్‌స్క్రీన్. రాత్రి ఇంకోసారి కడుక్కుని పడుకో. అంతే, దీనికేం యజ్ఞాలు చెయ్యక్కర్లేదు" అన్నాడు. "ఎన్నాళ్ళకి తెల్లబడతాను?" అన్నాను. "తెల్లబడటానిక్కాదురా నాయనా! ఎండకి కమిలిపోకుండా." "అదే నేనూ అనేది, కమలకపోతే తెల్లగా ఉన్నట్టేగా?" బావ తల పట్టుకున్నాడు. సన్‌స్క్రీన్ రెండు వేళ్ళ మీద గీత గీసినంత చాలన్నాడు. రెండు వేళ్ళకే అంత ఫలితం ఉంటే అయిదు వేళ్ళకి ఎంత ఉండాలి? ఎరువు వేసి పంట తీసే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకా లెక్క చెప్పేది! దోసిలి పట్టాను. వంటింట్లోంచి తొంగిచూసిన మా అత్తయ్య, "ఇదేం పోయేకాలంరా, పెరుగు తినమని పెడితే ముఖానికి పూసుకున్నావా?" అంది.

సోమవారం రానే వచ్చింది. పైకి అడుగుపెట్టగానే బాబాయ్ గారు తన శాసనం వినిపించాడు. "పట్టు ముట్టే చేతికి నూనె గానీ, క్రీము గానీ, అత్తరు గానీ ఉండకూడదు. ఉందా, కిందికి దింపేస్తా." నేను వెళ్ళి చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకున్నాను, గోళ్ళ సందులతో సహా. పొద్దున్నే దోసిలి సన్‌స్క్రీన్ పూసిన ముఖం జోలికి మాత్రం పోలేదు. పట్టుని ముట్టేది చెయ్యేగానీ ముఖం కాదు కదా! పైట భుజాన వేసుకుంటే మెడకీ బుగ్గకీ ఏది ఆనుతుందో ఆలోచించే తీరిక ఈ అందగాడికి ఎక్కడుంది?

మధ్యాహ్నం ఉయ్యూరు వైపు నుంచి ఓ పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికూతురూ, ఆమె అమ్మమ్మా ముందు వరసలో కూర్చున్నారు. పాలమీగడ వరసగా పన్నెండు చీరలు కట్టి చూపించాడు. ప్రతి చీరకీ పెళ్ళికూతురు తల అడ్డంగా ఊపింది. ఎందుకు నచ్చలేదంటే చెప్పదు. అమ్మమ్మ విసుక్కుంది, పాలమీగడ అలిసిపోయాడు. "పామర్రూ, లే" అన్నాడు బాబాయ్ గారు. వంగపండు రంగు చీర, చేతి వెడల్పు జరీ అంచు. కుచ్చిళ్ళు దోపుకున్నాను, పైట వేసుకున్నాను, గడ్డం పైకెత్తి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

జనరేటరు ఉంది గానీ అది లైట్లకీ ఫ్యాన్లకే, ఏసీకి కాదు. రోహిణి కార్తెలో బెజవాడ! ముందు నుదుటి మీద ఒక చుక్క పుట్టింది. అది తెల్లగా దిగి కనుబొమ కింద ఆగింది. దాని వెనకే ఇంకోటి. అయిదు నిమిషాల్లో నా ముఖం మీద పిల్లకాలవలు పారాయి. కళ్ళు భగ్గుమని మండుతున్నాయి, తుడుచుకుందామంటే రెండు చేతుల్లోనూ చీర. "అయ్యయ్యో! అబ్బాయి కారిపోతున్నాడే!" అని అమ్మమ్మ కేకేసింది. పొద్దున్నుంచీ పెదవి కదపని పెళ్ళికూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. బాబాయ్ గారు మాత్రం నవ్వలేదు. ఆయన నా భుజం వైపు చూస్తున్నాడు. జరీ పక్కన, వంగపండు రంగు మీద, అరచెయ్యంత తెల్లటి జిడ్డు మరక.

"ఎవరు చేశారిది?" అన్నాడు, కళ్ళెదురుగా నేనుండగానే. "నేనేనండీ బాబాయ్ గారూ. చేతులు శుభ్రంగానే ఉన్నాయండీ. ముఖమేనండీ." ఆయన మెత్తటి గుడ్డతో అద్ది, పౌడరు డబ్బా తెచ్చి మరక నిండా జల్లి, చీర పక్కన పెట్టాడు. (మర్నాటికి మరక పోయింది. పోకపోతే నేనిది ఇంత కులాసాగా రాసేవాణ్ణి కాదు.) తర్వాత నా వైపు తిరిగి ఒకే ఒక్క మాటన్నాడు. "లుంగీలు." నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కారేవాటిలో ఏది కన్నీరో ఏది క్రీమో ఎవరికీ తెలియకపోవడమే ఆ పూట నాకు దొరికిన ఒక్క అదృష్టం.

మెట్ల వైపు వెళ్తుంటే, "ఇలా రా నాయనా, ఆ కళ్ళు మండిపోతాయి" అని అమ్మమ్మ పిలిచింది. సీసాలో నీళ్ళు తన నేతచీర కొంగు మీద పోసుకుని, పసిపిల్లాడికి తుడిచినట్టు నా ముఖం పట్టుకుని తోమేసింది. చెవుల వెనక కూడా వదల్లేదు. నాలుగు రోజుల నా సౌందర్యమంతా ఆ కొంగుకి అంటుకుపోయి, అడుగునుంచి అసలు పామర్రు బయటపడింది. పెళ్ళికూతురు నన్ను చూసింది, తన చేతిని చూసుకుంది. "అమ్మమ్మా, ఈ అన్నయ్యది నా రంగే" అంది.

ఆ పిల్లే మళ్ళీ చెప్పింది. "ఇందాకట్నుంచీ ఆ అన్నయ్య మీద అన్నీ బాగానే ఉన్నాయండీ. నా మీద ఎలా ఉంటాయో తెలీక వద్దంటున్నా. ఈ అన్నయ్యకి కట్టి చూపించండి." బాబాయ్ గారు నన్ను చూశాడు, మెట్లను చూశాడు, ముందు నా మెడ మీద వేలు పెట్టి జిడ్డుందేమో చూసుకున్నాడు. తర్వాత పాలమీగడ మీద ఆమె వద్దన్న చీరల్లోంచే ఒకటి తీసి నా భుజాన వేశాడు. పసుపు రంగు, ఆకుపచ్చ అంచు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "ఇదే అమ్మమ్మా! ఇదే!" సాయంత్రం దాకా నాకు ఇంకా తొమ్మిది చీరలు కట్టారు. చివరిది విప్పుతుంటే బాబాయ్ గారు నా చెవి దగ్గరికొచ్చి, "రేపట్నుంచి పైకే రా. నీళ్ళతో కడుక్కుని రా, చాలు" అన్నాడు. ఆ రాత్రి ఇబ్రహీంపట్నం దాకా హెల్మెట్ లోపల పాటలు పాడుకుంటూ వెళ్ళాను.

ఇప్పుడు విభాగం పెద్దగా బాబాయ్ గారి పరుపు మీద నేను కూర్చుంటున్నాను. బావ చెప్పిన మూడు పనులూ ఈనాటికీ మానలేదు. కాకపోతే సన్‌స్క్రీన్ రెండు వేళ్ళంతే. అదీ షాపు గుమ్మం దాకానే. లోపలికి రాగానే ముఖం, మెడ, చేతులు కడిగి, తుడుచుకుని, అప్పుడే పట్టు ముడతాను. నన్ను పేరుతో పిలిచేవాళ్ళున్నారు గానీ, "పామర్రూ" అనేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. ఆ రోజుల్లో దోసిళ్ళతో పూసినా తెల్లబడని ముఖం మీద, ఈమధ్య ఏమీ రాయకుండానే మీసం తెల్లబడటం మొదలైంది. పొద్దున్నే అద్దంలో అది కనపడగానే, ఆ పెరుగు ముఖం కుర్రాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. "ఏరా పామర్రూ, తెల్లబడాలని అంత తొందరపడ్డావు కదరా, ఇదిగో!" అంటాను వాడితో.